గ్రానైట్ కోయించే ముందు అత్తయ్యగారిని ఒక మాట అడగండి

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో కొత్త ఫ్లాట్‌లోకి మారబోతున్న ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను. ఇంట్లో ఐదుగురు: ఆవిడ, భర్త, హైస్కూలు చదివే ఇద్దరు పిల్లలు, 71 ఏళ్ల అత్తగారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. పొద్దుటి టిఫినూ రాత్రి పుల్కాలూ కోడలు చూసుకుంటారు. మధ్యలో పాలు, పప్పు, కూర, పిల్లలు బడి నుంచి వచ్చాక తినడానికి ఏదో ఒకటి, ఇవన్నీ అత్తగారివి. కొత్త వంటింట్లో ఇంటీరియర్ పని నడుస్తోంది. గట్టు గ్రానైట్‌లో కోత పెట్టి దించే నాలుగు బర్నర్ల నల్లద్దం హాబ్ చూసి భర్త ముచ్చటపడ్డారు. అత్తగారేమో "నా స్టీలు పొయ్యి నాకు చాలు, అద్దం మీద గిన్నె పెట్టాలంటే చెయ్యి రాదు" అన్నారు. ఇంతలో ఇంకో సంగతి జరిగింది. ఈ ఏడాదిలో రెండుసార్లు ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి టీవీ ముందు కూర్చున్నారు. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. రెండోసారి కోడలు ఇంటికి వచ్చేసరికి వాసన లిఫ్టు దాకా కొట్టింది. ఆ రోజు నుంచి భర్త మాట మారింది: "గ్యాసే వద్దు, మొత్తం ఇండక్షన్ పెట్టిద్దాం." దానికి అత్తగారు "అంటే నన్ను వంటింట్లోంచి పంపించేస్తున్నారన్నమాట" అని ముభావంగా ఉంటున్నారు. శుక్రవారం గ్రానైట్ కోస్తాం, మోడల్ చెప్పండని ఇంటీరియర్ అతను ఫోన్ మీద ఫోన్. పైపు గ్యాసు లైను కాంప్లెక్స్ గేటు దాకా వచ్చింది, ఇళ్లలోకి ఇంకా రాలేదు. పొయ్యికి అనుకున్నది పాతిక వేలు. "ఒకరి మాట వింటే ఇంకొకరికి కోపం. ఏది కొనమంటారు?" అని అడిగారు.

జవాబు: మీ ఉత్తరంలో రెండు తగవులు పెనవేసుకుని ఉన్నాయండీ. ఏ పొయ్యి కొనాలన్నది ఒకటి. పగలంతా ఇంట్లో ఒక్కరే ఉండే అత్తయ్యగారు వంట చేయొచ్చా లేదా అన్నది రెండోది. మీవారు రెండోదాని జవాబును షోరూములో వెతుకుతున్నారు. ఆవిడకు అది తెలుస్తోంది, అందుకే మాట అలా వచ్చింది. ప్రమాదం విషయంలో మీవారి భయం నూటికి నూరుపాళ్లూ నిజమైనదే. ఆయన చెప్పిన మందు మాత్రం జబ్బును మించి ఉంది.

ముందు శుక్రవారం సంగతి తేల్చేద్దాం. ఈ మొత్తం వ్యవహారంలో వెనక్కి తీసుకోలేనిది గ్రానైట్ కోత ఒక్కటే. పొయ్యి నచ్చకపోతే మార్చుకోవచ్చు, గిన్నెలు మార్చుకోవచ్చు, రాయిని మాత్రం అతికించలేరు. హాబ్ కోత కొలత కంపెనీ కంపెనీకీ, మోడల్ మోడల్‌కీ మారుతుంది. కొన్నేళ్లకు మీరు కొన్న మోడల్ ఆగిపోయి, కొత్తది రెండు అంగుళాలు చిన్నదైతే చుట్టూ సందు మిగులుతుంది. పెద్దదైతే మళ్లీ కటింగ్ మిషను, కాపురం ఉంటున్న ఇంట్లో రాతిదుమ్ము. అందుకని కోతను ఆపమనండి. అలమరాలు, చిమ్నీ, సింకు పని చేసుకోవచ్చు. హాబ్ కోత అన్నిటికన్నా చివర పెట్టినా ఏమీ కాదు. శుక్రవారమే కావాలన్నది పనివాళ్ల సౌకర్యం, మీ అవసరం కాదు.

ఇక ఆ పాల సంగతి. పొయ్యి మీద పాలు మర్చిపోవడం ఏ వయసులోనైనా జరుగుతుంది. మంట ఆరిపోయాక కూడా గ్యాసు వదులుతూ కూర్చోవడం మాత్రం పొయ్యి లోపం. దాన్ని ఆపే ఏర్పాటు ఒకటి ఉంది. షాపులో ఎఫ్ఎఫ్‌డి (ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్) అని అడగండి. బర్నర్ అంచున పుల్లంత లోహపు ముక్క ఒకటి నిలబడి ఉంటుంది. మంట తగిలినంతసేపూ ఆ వేడికి అందులో రవ్వంత కరెంటు పుడుతుంది. ఆ కరెంటే లోపలి వాల్వును తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే పుల్ల చల్లబడుతుంది, కరెంటు ఆగుతుంది, వాల్వు మూసుకుంటుంది. దీనికి బ్యాటరీ, ప్లగ్గు ఏమీ అక్కర్లేదు. షాపులో గ్యాసు పెట్టి వెలిగించి చూపించమనండి. మంటను ఆర్పేసి, నాబ్ అలాగే వదిలేసి చెవి పెట్టండి. నిమిషం లోపల 'టిక్'మని చిన్న చప్పుడు వినిపించాలి. అది వాల్వు మూసుకున్న చప్పుడు. "అన్నిటికీ ఉంటుంది మేడమ్" అనే సేల్స్ కుర్రాడి మాట సరిపోదు. ఆటో ఇగ్నిషన్ వేరు, ఇది వేరు. వెలిగించే స్పార్క్ ఉన్నంత మాత్రాన ఆపే వాల్వు ఉన్నట్టు కాదు.

దీనితో చిన్న చిన్న చిరాకులు లేకపోలేదు. వెలిగించాక నాబ్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి, లేకపోతే మంట నిలవదు. అత్తయ్యగారి వేళ్లకు కీళ్లనొప్పులుంటే అది కష్టం కావచ్చు, ఆవిడతోనే వెలిగించి చూడండి. ఆ పుల్ల మీద పాలో సాంబారో పడి గట్టిపడితే పొయ్యి మాటిమాటికీ ఆరిపోతుంది. అప్పుడు వచ్చే సర్వీసు మనిషి "దీన్ని తీసేస్తే గొడవ వదిలిపోతుంది" అంటే ఒప్పుకోకండి, గుడ్డతో తుడిస్తే చాలు. ఇంకొకటి గుర్తుంచుకోండి: మంట వెలుగుతూనే ఉండి పప్పు మాడి బొగ్గవుతుంటే ఎఫ్ఎఫ్‌డి ఏమీ చేయదు. దానికి టైమర్ కావాలి. కొన్ని హాబ్‌లలో గ్యాసును కట్టేసే టైమర్ కూడా ఉంటోంది, కానీ మీ బడ్జెట్‌లో దొరుకుతుందా అన్నది చూసుకోవాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మీవారు చూసిన అద్దం హాబ్ పనికిరానిదేమీ కాదు. గట్టుకు దాదాపు సమానంగా దిగిపోతుంది కాబట్టి గిన్నె మూతి నాలుగు అంగుళాలు కిందికి వస్తుంది. పొట్టిగా ఉన్నవాళ్లకు, భుజం నొప్పి ఉన్నవాళ్లకు అది సుఖం. అత్తయ్యగారు ఎంత ఎత్తో మీరు రాయలేదు. గట్టు ముందు ఆవిడను నిలబెట్టి, మీ పెద్ద కుక్కరు పెట్టి, మూత తీసి గరిటె తిప్పమనండి. మోచెయ్యి భుజం దాకా లేస్తోందంటే హాబ్ వైపు ఒక మార్కు వేయండి. నాలుగు బర్నర్లు అన్నదానికి మాత్రం అంత మురిసిపోకండి. 60 సెంటీమీటర్ల పలకలో నాలుగు ఇరికిస్తే దోసె పెనం ఒకటి పెట్టాక పక్కన టీ గిన్నెకే చోటుంటుంది. వెనక బర్నర్‌ను అందుకోవాలంటే ముందు మంట మీదుగా చెయ్యి చాపాలి. చీర కొంగుతో, పైగా ఆ వయసులో, అది నాకు ససేమిరా నచ్చదు. మూడు బర్నర్లు, వాటి మధ్య ఎడం ఉన్నదే మేలు.

అద్దం పగులుతుందా అని అత్తయ్యగారి భయం. హాబ్‌లకు వాడే టఫెన్డ్ గ్లాస్, అంటే గట్టిపరిచిన అద్దం, మామూలుగా గిన్నె పెడితే పగలదు. పగిలే సందర్భాలు వేరే ఉన్నాయి. బర్నర్‌ను దాటి అద్దం మీదికి పరుచుకునేంత వెడల్పు గిన్నె పెడితే వేడి కిందికి తిరగబడుతుంది. కడిగాక బర్నర్ మూత వంకరగా కూర్చుంటే మంట పక్కకి, అద్దం మీదికి పోతుంది. కాగిపోయిన అద్దం మీద తడిగుడ్డ వేసి తుడవడం మరో కారణం. అంచున ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బ కొన్నాళ్లకు ఒక్కసారిగా మొత్తం పలకను పలుకులు చేసేయవచ్చు. పొంగిన పాలను వెంటనే తడిగుడ్డతో తుడిచేయడం మన ఇళ్లలో అందరి చేతి అలవాటు, ఆవిడది కూడా అదే అయ్యుంటుంది. యాభై ఏళ్ల అలవాటును షోరూములో మార్పించలేం. అద్దం తీసుకుంటే వారంటీలో అద్దానికి కూడా వర్తిస్తుందా అన్నది కాగితం మీద చూసుకోండి. అద్దం హాబ్‌లాగే గట్టులో దిగే స్టీలు పలక హాబ్‌లు కూడా ఉన్నాయి. షోరూములో ముందు వరసలో పెట్టరు కాబట్టి అడిగితేనే చూపిస్తారు.

అత్తయ్యగారి స్టీలు పొయ్యి విషయానికి వద్దాం. పగలదు, సామాన్లు ఏ వీధిలోనైనా దొరుకుతాయి, ఇల్లు మారితే చంకన పెట్టుకుపోవచ్చు. ఆవిడ వాడే ఆ పాత పొయ్యిని మాత్రం కొత్తింటికి తీసుకెళ్లడానికి నేను ఒప్పుకోను. మంట ఆరితే గ్యాసు ఆపలేని పొయ్యి అది. గట్టు మీద పెట్టుకునే రకంలోనూ ఎఫ్ఎఫ్‌డి ఉన్న మోడళ్లు కొన్ని వస్తున్నాయి. రూపం ఆవిడకు అలవాటైనదే, లోపల జాగ్రత్త కొత్తది. మీవారికి కళ్లకు అంత ఇంపుగా ఉండదు, అంతే. గట్టులో దించుకోవడానికీ, పైన పెట్టుకోవడానికీ రెండిటికీ పనికొచ్చే హాబ్‌టాప్‌లు కూడా ఉన్నాయి. ఇప్పుడు కోత లేకుండా పైన పెట్టుకుని, ఏడాది వాడాక కోయించాలో వద్దో తేల్చుకోవచ్చు. మీలాంటి తేలని ఇంటికి ఇది బాగా కుదురుతుంది. ఏది తీసుకున్నా ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి.

మొత్తం ఇండక్షన్ అన్న మాట గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మంట లేదు, గ్యాసు లేదు, గిన్నె తీస్తే ఆగిపోతుంది, టైమర్ పెడితే మర్చిపోయినా కట్టేసుకుంటుంది. మీవారి వాదనలో బలం ఉంది. వేసవి మధ్యాహ్నం వంటిల్లు చల్లగా ఉంటుందన్నది కూడా నిజం. కానీ మీ ఇంటి వంట రాసుకొచ్చారు కదా, దాన్ని పక్కన పెట్టుకుని చూడండి. పోపు గరిటె పెడితే గిన్నె లేదనుకుని కుయ్‌కుయ్‌మని ఆగిపోతుంది, దాని అడుగు అంత చిన్నది కాబట్టి. గుండ్రటి మూకుడు పనిచేయదు. వెడల్పాటి పెనం మీద దోసె మధ్యలో ఎర్రబడి అంచులు తెల్లగా మిగులుతాయి, లోపలి కాయిల్ వెడల్పు అంతే కాబట్టి. పుల్కా పొంగించడం, అప్పడం కాల్చడం, పచ్చడికి వంకాయ కాల్చడం ఇక మర్చిపోవాలి. అల్యూమినియం కుక్కర్లు, హిండాలియం గిన్నెలు పనికిరావు. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి మీ గిన్నెల అడుగున ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. అంటుకోనివన్నీ మార్చాల్సిందే, ఆ ఖర్చు పాతిక వేలలో లేదు.

కరెంటు సంగతి ఇంకొకటి. నాలుగు గడుల పెద్ద ఇండక్షన్ హాబ్ మొత్తం వెలిగితే 7 కిలోవాట్ల దాకా లాగుతుంది. దానికి మీటరు పెట్టె నుంచి విడిగా వైరు, విడిగా ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్చి) కావాలి. మీ ఫ్లాటుకు మంజూరైన లోడు అంత ఉందా అన్నది కరెంటు బిల్లు మీదే రాసి ఉంటుంది. కరెంటు పోతే కాంప్లెక్స్ జనరేటర్ లైట్లకూ ఫ్యాన్లకూ వస్తుంది కానీ, చాలా చోట్ల ఇండక్షన్ పెట్టగానే ట్రిప్ అవుతుంది. పిల్లలు ఆకలితో వచ్చే వేళకు కరెంటు లేకపోతే అత్తయ్యగారు ఏం చేయాలి?

ఖర్చు కూడా లెక్క వేసుకోండి. 14.2 కిలోల సిలిండర్‌తో అయ్యే వంటకు ఇండక్షన్ మీద సుమారు 125 యూనిట్లు పడతాయి. మీ బిల్లులో చివరి శ్లాబు 7 రూపాయలైతే 875, 9 రూపాయలైతే 1,125. అదనంగా కాలే యూనిట్లన్నీ పై శ్లాబులోనే పడతాయి కాబట్టి సగటు రేటు చూసి మోసపోకండి. సిలిండర్ రసీదు పక్కన పెట్టి పోల్చుకుంటే మీ ఇంటికి ఏది చవకో రెండు నిమిషాల్లో తేలుతుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితంగా వాడుకుంటున్న ఇంటివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వంట మొత్తం ఇండక్షన్ మీదికి మారిస్తే ఆ గీత దాటిపోతారేమో చూసుకోండి. అలాగే ఇంట్లో ఎవరికైనా గుండెకు పేస్‌మేకర్ ఉంటే వెలుగుతున్న ఇండక్షన్ నుంచి 60 సెంటీమీటర్ల దూరం పాటించాలి.

ఇన్‌ఫ్రారెడ్ స్టవ్ అన్ని గిన్నెలకూ పనిచేస్తుందని మీ అమ్మాయి చెప్పిందట. నిజమే. కానీ కట్టేశాక కూడా పైన గాజు చాలాసేపు కాలుతూనే ఉంటుంది. మర్చిపోయే మనిషి ఉన్న ఇంట్లో నేనైతే పెట్టను.

నా మొగ్గు ఎటో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. అత్తయ్యగారు రెండుసార్లు మర్చిపోయినవి పాలు. పోపు వేస్తూ ఎవరూ టీవీ ముందుకు వెళ్లరు, పుల్కా కాలుస్తూ ఎవరూ కునుకు తీయరు. ప్రమాదమంతా పొయ్యి మీద పెట్టి పక్కకు వెళ్లే వాటితోనే: పాలు, టీ నీళ్లు, కుక్కరు. వాటిని మాత్రం సింగిల్ ఇండక్షన్ మీదికి మార్చండి. రెండు నుంచి నాలుగు వేలలో వస్తుంది. టచ్ బటన్లు తడిచేతికి సరిగా పలకవు, తిప్పే నాబ్ ఉన్నది లేదా గట్టిగా నొక్కే బటన్లున్నది చూడండి. పాల గిన్నె పెట్టగానే టైమర్ నొక్కడం ఒక్కటే ఆవిడ నేర్చుకోవాల్సింది. టైమర్ పాలు పొంగకుండా ఆపలేదు, ఆ సంగతి ముందే చెప్పండి. పొంగినా గ్యాసు లీకవడం మాత్రం ఉండదు, పాత్ర మాడేదాకా కాగడమూ ఉండదు. పోపులు, పుల్కాలు, కూరలు ఎఫ్ఎఫ్‌డి ఉన్న మూడు బర్నర్ల గ్యాసు మీదే సాగనివ్వండి. పాతిక వేలలో రెండూ సర్దుకోవచ్చు. దీనికీ ఒక నష్టం ఉంది: గట్టు మీద అడుగున్నర చోటు పోతుంది, చూడ్డానికి క్యాటలాగ్ బొమ్మలా ఉండదు. ఆ నష్టం మీవారు భరించాలి.

ఇప్పుడుంటున్న ఇంట్లోనే ఆ ఇండక్షన్ రేపే కొని రెండు వారాలు వాడి చూడండి. ఆవిడ చేతికి అలవాటైతే, కొత్తింట్లో ఇంకా ఎక్కువ దానిమీదికి మార్చొచ్చు, మీవారి కోరిక అప్పుడు సగం తీరినట్టే. అలవాటు కాకపోతే పోయింది మూడు వేలు, గ్రానైట్ కాదు.

మరి పైపు గ్యాసు వస్తే? సిలిండర్ గ్యాసుకు పెట్టిన జెట్లు, అంటే బర్నర్‌లోకి గ్యాసు వదిలే సన్నరంధ్రపు ముక్కలు, దానికి సరిపోవు, రంధ్రం పెద్దగా ఉన్నవి పెట్టాలి. కొన్ని హాబ్‌లకు కంపెనీయే ఆ జెట్ల కిట్ ఇస్తుంది. బయటివాళ్లు డ్రిల్లు పెట్టి రంధ్రం పెంచితే వారంటీ పోతుందా అని కొనేటప్పుడే అడగండి. గ్యాసు వాసన పట్టే అలారం పెట్టుకునేవాళ్లు కూడా ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. సిలిండర్ గ్యాసు గాలి కన్నా బరువు, నేల మీద పేరుకుంటుంది, అలారం కింద ఉండాలి. పైపు గ్యాసు తేలిక, పైకి పోతుంది, అలారం పైకప్పు దగ్గర ఉండాలి. పైపు వచ్చిన రోజున అలారం చోటు కూడా మారాలన్నమాట. సిలిండర్ లీకైతే పిలవాల్సిన నంబరు 1906. అత్తయ్యగారి ఫోనులో పెట్టండి, ఫోను తడుముకునే పని లేకుండా గోడ మీద పెద్ద అంకెల్లో కూడా రాయండి.

ఇక అసలు కష్టమైన మాట. మతిమరుపు పాలతోనే ఆగిందా? మందులు వేసుకున్నారో లేదో, తలుపు గడియ వేశారో లేదో, నిన్న మాట్లాడిన మాట ఇవాళ మళ్లీ అడగడం లాంటివి ఉంటే పొయ్యి మార్చి లాభం లేదు, డాక్టరుకు చూపించాలి. వాసన సరిగా తెలుస్తోందా అన్నది కూడా అడగండి, వయసుతో అది తగ్గుతుంది. ఆ రోజు వాసన లిఫ్టు దాకా వచ్చినా హాల్లో ఉన్న ఆవిడకు తెలియలేదంటే నాకు మతిమరుపు కన్నా అదే ఎక్కువ అనుమానంగా ఉంది. డాక్టరు మాట వేరుగా వస్తే అప్పుడు పగటిపూట రెగ్యులేటర్ కట్టేసి వెళ్లే ఏర్పాటు గురించి మళ్లీ ఆలోచించాల్సి ఉంటుంది, ఇండక్షన్ మాత్రమే అన్న మాటకూ అప్పుడు న్యాయం ఉంటుంది.

అంతవరకూ ఆవిడను ఈ ఆదివారం షోరూముకు తీసుకెళ్లండి. మీరు కాదు, మీవారు తీసుకెళ్లాలి. "అమ్మా, నీకు ఏది తిప్పడానికి సులువుగా ఉందో చూడు" అన్న మాట కొడుకు నోట రావాలి. కోడలు చెబితే అదే మాట ఇంకోలా వినిపిస్తుంది, ఇది మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంటి నుంచి దోసె పెనం, ఆవిడ పాల గిన్నె సంచిలో పెట్టుకుని వెళ్లమనండి. షాపువాళ్లు వింతగా చూసినా ఫర్వాలేదు, పెనం, గిన్నె పక్కపక్కనే పట్టని పొయ్యి మీకు వద్దు.

శుక్రవారం వచ్చే ఇంటీరియర్ అతన్ని ఊరికే కూర్చోబెట్టనక్కర్లేదు. గట్టు పైన గోడలో రెండు 16 ఆంపియర్ల పవర్ పాయింట్లు, మిక్సీ బోర్డుతో కలపకుండా, విడి లైను మీద ఇప్పించుకోండి. రేపు పెద్ద ఇండక్షన్ హాబ్ కావాలనుకుంటారేమో, మీటరు పెట్టె నుంచి లావు వైరుకు సరిపడా ఖాళీ గొట్టం కూడా గోడలో వేయించండి. టైల్స్ అతికించాక ఈ పని జరగదు. సిలిండర్ గట్టు కింద అలమరాలో పెడుతున్నట్టయితే తలుపు అడుగున గాలి పోయే జాలీ ఉండాలి. నారింజ రంగు గ్యాసు పైపు చెక్క వెనక దాక్కోకుండా కంటికి కనిపించాలి. దానిమీద అచ్చువేసిన తేదీ చూసి ఐదేళ్లు దాటితే, కొత్తింట్లో మొదటిసారి పాలు పొంగించే లోపే మార్చేయండి.